జియోకోడింగ్ చేసిన లాట్-లాంగ్‌లు రిపాజిటరీలో పెట్టొచ్చా? డేటా వెనక్కి వచ్చింది, సలహా కావాలి

#1 · పటం_చదువరి

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

నాది పీహెచ్‌డీ నాలుగో ఏడు. ఇంటి నుంచి దగ్గర్లోని ఆరోగ్య కేంద్రం ఎంత దూరం, ఆ దూరానికీ పిల్లల టీకాలు మధ్యలో ఆగిపోవడానికీ ఏమైనా సంబంధం ఉందా అన్నది నా పని. సర్వేలో 11,300 ఇళ్ల చిరునామాలు, 840 ఆరోగ్య కేంద్రాల చిరునామాలు ఉన్నాయి. రెండేళ్ల క్రితం వీటన్నిటినీ ఒక పెద్ద వాణిజ్య జియోకోడింగ్ సేవకు పంపి అక్షాంశ రేఖాంశాలు (లాట్-లాంగ్‌లు) తెచ్చుకున్నాను. ఉచిత కోటా దాటకుండా రోజుకి కొన్ని చొప్పున, రాత్రిళ్లు స్క్రిప్ట్ నడిపాను. వచ్చినవన్నీ ఒకే సీఎస్‌వీ ఫైల్లో ఉన్నాయి. అప్పటినుంచీ నా పనంతా ఆ ఫైల్ మీదే.

పేపర్ ఒప్పుకున్నారు. డేటా బయట పెట్టాలన్నది షరతు. పేర్లు, చిరునామాలు తీసేసి మిగతాది యూనివర్సిటీ రిపాజిటరీలో అప్‌లోడ్ చేశాను. రెండో రోజే వెనక్కి వచ్చింది. ఒకటే ప్రశ్న: "లాట్, లాంగ్ కాలమ్స్ ఏ సేవ నుంచి వచ్చాయి? వాటిని తిరిగి పంచే హక్కు మీకుందా?"

ఆ రాత్రి మొదటిసారి ఆ సేవ షరతులు తెరిచి చదివాను. ఫలితాలను 30 రోజులకు మించి దాచకూడదని ఉంది. నా ఫైల్ వయసు రెండేళ్లు. గైడ్‌ని అడిగితే "అందరూ ఇలాగే చేస్తారు, దూరాలు మాత్రం పెట్టేయ్" అన్నారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. ఎడిటర్ ఇచ్చిన గడువు మూడు వారాలు.

దూరాల కాలమ్ ఒక్కటే పెడితే సరిపోతుందా? పాత ఫైల్ చెరిపేయాలా? లేక మొత్తం మళ్లీ చేయాలా?

#2 · కోడ్_గూడు

ముందు ఒక మాట. కంగారులో ఏదీ చెరపకండి. స్క్రిప్ట్ పాత వెర్షన్, ఏ తేదీల్లో నడిపారు, ఏ ఖాతాతో నడిపారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. రేపు ఎవరికి సమాధానం చెప్పాల్సి వచ్చినా ఇదే కావాలి. లాట్-లాంగ్ మాత్రమే దాచారా, సర్వర్ పంపిన మొత్తం జవాబు దాచారా?

#3 · పటం_చదువరి

లాట్-లాంగ్, సేవ సరిచేసి పంపిన చిరునామా. ఆ రెండే. మ్యాచ్ ఎంత కచ్చితమో చెప్పే ఫీల్డ్ ఉండేది, అప్పుడు అవసరం లేదనుకుని వదిలేశాను.

#4 · షరతుల_పేజీ

నేను పరిశోధన సంస్థలకు ఒప్పందాలు చదివిపెట్టే పని చేస్తాను. ఇలాంటి ఫైళ్లు నా దగ్గరికి తరచూ వస్తుంటాయి, దాదాపు అన్నీ పని అయిపోయాకే వస్తాయి.

జియోకోడింగ్ సేవ ఇచ్చే అనుమతిని మూడు ముక్కలుగా విడదీసి చూడండి. అడగడం, దాచుకోవడం, పంచుకోవడం. ఉచిత కోటా మీకిచ్చింది మొదటిది. రోజుకి ఇన్ని వేలు అడగొచ్చు అంటే, వచ్చిన జవాబులు మీవైపోయాయని కాదు. అందరం పొరపడేది ఇక్కడే. కోటా దాటలేదు కదా, తప్పేం చేయలేదు కదా అనుకుంటాం.

మీరు వాడిన సేవ పేరు ఇక్కడ రాయనక్కర్లేదు. అందరికీ తెలిసిన గూగుల్ మ్యాప్స్ ప్లాట్‌ఫామ్ షరతులే ఉదాహరణగా తీసుకుంటాను. జియోకోడింగ్‌లో వచ్చిన అక్షాంశ రేఖాంశాలను వరసగా 30 క్యాలెండర్ రోజుల వరకు తాత్కాలికంగా ఉంచుకోవచ్చు, తర్వాత తీసేయాలి. ప్లేస్ ఐడీ అనే గుర్తింపు కోడ్‌ని మాత్రం ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు. జియోకోడ్‌లను గుత్తగా దించుకోవడం చేయకూడని పనుల జాబితాలో పేరు పెట్టి మరీ ఉంది. వాళ్ల ఫలితాలను వేరే కంపెనీ మ్యాప్ మీద చూపించడం మీదా ఆంక్షలున్నాయి.

పరిశోధకులు ప్రత్యేకంగా చదవాల్సింది ఇంకొకటుంది. వాళ్ల సమాచారం నుంచి కొత్త సమాచారం తయారు చేయకూడదు అని ఒక క్లాజ్. దాని కింద ఇచ్చిన ఉదాహరణలు చూడండి. ఎలివేషన్ సేవ ఇచ్చిన ఎత్తులతో నేల ఎగుడుదిగుళ్ల నమూనా కట్టడం. స్ట్రీట్ వ్యూ ఫోటోల నుంచి ఒక నగరంలోని చెట్ల జాబితా తయారు చేయడం. ప్లేసెస్ సేవ ఇచ్చిన బిందువు ఏ సరిహద్దు లోపల పడుతుందో లెక్కగట్టడం. మూడూ రేపు ఏ విద్యార్థి అయినా థీసిస్ ప్రపోజల్‌లో రాయగలిగిన పనులే.

కాబట్టి "దూరాలు మాత్రం పెట్టేయ్" అన్నది అంత తేలిక కాదు. దూరం ఆ బిందువు నుంచి పుట్టిందే. మీ సేవ షరతుల్లో ఇలాంటి క్లాజ్ ఉంటే, దూరం కూడా దాని కిందికి వస్తుందని వాదించడానికి వీలుంది. రాదని వాదించడానికీ వీలుంది. మీ గడువు లోపల తేలే వాదన మాత్రం కాదు.

#5 · సమాంతర_రేఖ

నాకు ఇది ఒప్పుకోబుద్ధి కావడం లేదు. ఒక ఇల్లు భూమి మీద ఎక్కడుందో అది వాస్తవం. వాస్తవాలకు యజమాని ఎవరు? అమెరికా సుప్రీంకోర్టు 1991లో ఫైస్ట్ కేసులో చెప్పింది అదే కదా. ఫోన్ డైరెక్టరీలోని పేర్లు, నంబర్ల మీద కాపీరైట్ లేదని, ఎంత చెమటోడ్చి పోగుచేసినా సరే వాస్తవం వాస్తవమేనని. ప్రజల డబ్బుతో చేసే పరిశోధన ఒక కంపెనీ షరతుల పేజీ దగ్గర ఆగిపోవడం అన్యాయం. ఇది కోపంతో అంటున్న మాట కాదు, నిజంగా బాధతోనే రాస్తున్నాను.

#6 · షరతుల_పేజీ

> వాస్తవాలకు యజమాని ఎవరు?

మీ బాధ నాకు అర్థమవుతోంది, తీర్పు గురించి చెప్పిందీ నిజమే. కానీ ఇక్కడ అడ్డుపడేది కాపీరైట్ ఒక్కటే కాదు. ఏపీఐ కీ (సేవను ప్రోగ్రాంతో వాడుకోవడానికి ఇచ్చే కోడ్) తీసుకునేటప్పుడు "ఒప్పుకుంటున్నాను" అని నొక్కాం చూడండి, అది ఒప్పందం. కాపీరైట్ లేని వస్తువు గురించి కూడా ఇద్దరి మధ్య ఒప్పందం ఉండొచ్చు. దాన్ని మీరితే ఖాతా ఆపేయొచ్చు, ఆ ఖాతా యూనివర్సిటీదైతే యూనివర్సిటీనే అడగొచ్చు.

అదీగాక ఐరోపాలో 1996 నాటి డేటాబేస్ ఆదేశం ఉంది. డేటాబేస్ కూర్చడానికి పెట్టుబడి పెట్టినవాళ్లకు 15 ఏళ్ల ప్రత్యేక హక్కు ఇస్తుంది. అందులోంచి గణనీయమైన భాగం తీసి వాడితే అక్కడ సమస్యే. రిపాజిటరీలో పెట్టాక మీ ఫైల్ ఏ దేశంలో దిగుతుందో మీకు తెలియదు.

ఇంకో సంగతి. ఆ లాట్-లాంగ్ ప్రతిసారీ వాస్తవం కాదు. గూగుల్ జవాబులో లొకేషన్ టైప్ అనే ఫీల్డ్ ఉంటుంది. రూఫ్‌టాప్ అంటే ఆ ఇంటి దగ్గరే పెట్టారని. రేంజ్ ఇంటర్‌పొలేటెడ్ అంటే వీధిలో కచ్చితంగా తెలిసిన రెండు చోట్ల మధ్య ఇంత దూరంలో ఉండొచ్చని లెక్కగట్టి పెట్టారని. జామెట్రిక్ సెంటర్ అంటే వీధికో ప్రాంతానికో నడిమి బిందువు. చదువరి గారు వదిలేసిన ఫీల్డ్ బహుశా ఇలాంటిదే. అది లేకపోతే ఏ బిందువు ఇంటిదో, ఏది సేవ వేసిన అంచనానో ఇప్పుడు చెప్పలేం.

#7 · డేటా_భాండారం

నేను ఒక రిపాజిటరీలో డేటా చూసే ఉద్యోగంలో ఉన్నాను (మీది కాదు). మీ ఫైల్ వెనక్కి పంపినవాళ్ల స్థానంలో నేనున్నా అదే ప్రశ్న అడిగేదాన్ని. ఎందుకో చెప్తాను.

రిపాజిటరీలో పెట్టేటప్పుడు మీరు ఒక లైసెన్స్ ఎంచుకుంటారు. కొన్నిచోట్ల సీసీ0 డిఫాల్ట్‌గా వచ్చేస్తుంది. అంటే "దీని మీద నాకే హక్కూ అక్కర్లేదు, ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చు" అని మీరు రాసిచ్చినట్టు. మీ దగ్గర లేని హక్కుని మీరెలా వదులుకుంటారు? ఆ మాట నమ్మి ఇంకెవరో దాని మీద ఇంకో డేటాసెట్ కడతారు. అయిదేళ్ల తర్వాత ఎవరో అభ్యంతరం చెప్తే మేం ఫైల్ తీసేయాల్సి వస్తుంది, డీఓఐ (డేటాకి ఇచ్చిన శాశ్వత గుర్తింపు సంఖ్య) మాత్రం మిగిలిపోతుంది. పేజీ తెరిస్తే "ఉపసంహరించబడింది" అని ఒక్క వాక్యం. ఒక విద్యార్థి నాలుగేళ్ల పని అలా కనిపించడం నేను చూశాను. మళ్లీ చూడాలని లేదు.

గైడ్ గారి మాట గురించి. అందరూ చేశారన్నది నిజమే. వాళ్లు చేసింది డేటా బయట పెట్టమని ఎవరూ అడగని రోజుల్లో. ఫైల్ మన కంప్యూటర్లోనే ఉన్నంతకాలం ఈ ప్రశ్న ఎవరికీ రాలేదు. ఇప్పుడు పత్రికలు అడుగుతున్నాయి, నిధులిచ్చేవాళ్లు అడుగుతున్నారు.

నా సలహా: మళ్లీ చేయండి, తెరిచిన డేటాతో (ఎవరైనా వాడుకుని పంచుకోగలిగేదానితో) చేయండి. మూడు వారాలు చాలకపోతే ఎడిటర్‌కి ఉన్నదున్నట్టు రాయండి. నిజం చెప్పి గడువు అడిగితే కాదన్న ఎడిటర్ ఇంతవరకు నాకు తగల్లేదు.

#8 · వీధి_వలంటీర్

వలంటీర్లు కలిసి గీసే తెరిచిన మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తరఫున నేను చెప్తాను, పదేళ్లుగా మా వీధులు అందులో గీస్తున్నాను.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా 2012 సెప్టెంబర్ నుంచి ఓడీబీఎల్ (ఓపెన్ డేటాబేస్ లైసెన్స్) కింద ఉంది. దాని మీద నడిచే జియోకోడర్ నామినాటిమ్. చిరునామా అడిగితే వచ్చే జేసన్ జవాబులో మొట్టమొదటి వరసల్లోనే లైసెన్స్ అనే ఫీల్డ్ ఉంటుంది: "డేటా © ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్స్, ఓడీబీఎల్ 1.0" అని. ప్రతి జవాబుతోనూ వస్తుంది. చాలామంది స్క్రిప్టుల్లో లాట్, లాన్ తీసుకుని మిగతాది పారేస్తారు. ఆ ఫీల్డ్ దాచుకుంటే ఈ ప్రశ్నకు సమాధానం ఫైల్లోనే ఉంటుంది.

దాచుకోవడం, పంచుకోవడం రెండూ కుదురుతాయి. ఓడీబీఎల్‌లో షేర్-అలైక్ నియమం (దీని నుంచి కట్టిన డేటాబేస్‌ని పంచితే అదే లైసెన్స్‌తో పంచాలని) ఉంది కాబట్టి "నా డేటాసెట్ మొత్తం ఓడీబీఎల్ అయిపోతుందా" అని భయపడతారు. దీని మీద ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఫౌండేషన్ వాళ్ల మార్గదర్శకం ఉంది. మీ సొంత చిరునామాల జాబితాకు బిందువులు వేసుకున్నంత మాత్రాన షేర్-అలైక్ అంటుకోదు. అలా పోగుచేసిన ఫలితాలతో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోని గణనీయమైన భాగాన్ని మళ్లీ కట్టేస్తే అప్పుడు అంటుకుంటుంది. మూలం పేరు చెప్పడం మాత్రం మరిచిపోకండి.

ఫౌండేషన్ నడిపే ఉచిత సర్వర్‌కి మాత్రం వాడకం నియమాలు వేరు. సెకనుకి ఒక్క ప్రశ్నకు మించకూడదు. మీ ప్రోగ్రాం ఏదో తెలిసేలా యూజర్ ఏజెంట్ పెట్టాలి. ఒకే మెషీన్, ఒకే థ్రెడ్. అడిగినదాన్నే మళ్లీ అడగకుండా జవాబులు మీ దగ్గర దాచుకోవాలి. ఇక్కడ దాచుకోమని వాళ్లే అడుగుతారు, గమనించండి. సెకనుకి ఒకటి చొప్పున 11,300 అంటే 3 గంటల 8 నిమిషాలు. చిన్నపాటి, ఒక్కసారి చేసే పనికి అభ్యంతరం లేకపోవచ్చు గానీ పెద్ద గుత్త పనుల్ని వాళ్లు ప్రోత్సహించరు. ఆ సర్వర్ విరాళాల మీద నడుస్తుంది. మీ పనికి సొంత సర్వర్ పెట్టుకోవడమే మర్యాద అని నా అభిప్రాయం.

#9 · ఎపిడెమియాలజీ_బల్ల

ఆగండి. అందరూ లైసెన్స్ గురించే మాట్లాడుతున్నారు. నన్ను ఇంకో విషయం కలవరపెడుతోంది.

చదువరి గారూ, అవి ఇళ్ల చిరునామాలు. పిల్లలున్న ఇళ్లు, టీకా ఆగిపోయిన ఇళ్లు. వాటిని బయటి సర్వర్‌కి పంపారు. సర్వేలో సంతకం పెట్టించుకున్న సమ్మతి పత్రంలో ఏముంది? నా మొదటి ప్రాజెక్టులో ఈ వాక్యం ఉండేది: "మీ వివరాలు పరిశోధన బృందం దాటి వెళ్లవు." అది నేనే రాశాను. ఇంటింటికీ తిరిగి నేనే చదివి వినిపించాను. ఆర్నెల్ల తర్వాత ఇంటి నంబర్లతో సహా ఆ చిరునామాల్ని ఒక బయటి సేవకు నేనే పంపాను. ఆ రెండు పనుల మధ్య సంబంధం ఉందని నాకు తట్టనే లేదు. ఎథిక్స్ కమిటీలో ఒక సభ్యురాలు అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ వాక్యం ఇప్పటికీ నాకు కంఠస్థం.

ఇంకొకటి. పేర్లు, చిరునామాలు తీసేసి లాట్-లాంగ్ అప్‌లోడ్ చేశామన్నారు. లాట్-లాంగ్ అంటే చిరునామాయే కదండీ. దశాంశం తర్వాత 5 అంకెలుంటే దాదాపు ఒక మీటరు కచ్చితత్వం. పత్రికలో అచ్చయిన మ్యాపుల మీది చుక్కల నుంచి రోగుల ఇళ్లు వెనక్కి పట్టుకోవచ్చని 2006లోనే న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. అది మ్యాప్ బొమ్మ నుంచే. మీరు పెట్టింది అంకెలే.

రిపాజిటరీ వాళ్లు వెనక్కి పంపడం మీకు మేలే చేసింది.

#10 · పటం_చదువరి

ఇది చదివాక గుండె జారిపోయింది. వెంటనే సమ్మతి పత్రం తీసి చూశాను. మూడో పేరాలో ఉంది: "మీ చిరునామా పరిశోధకులు తప్ప మరెవ్వరూ చూడరు."

అప్‌లోడ్ డ్రాఫ్ట్ ఇప్పుడే పూర్తిగా తీసేశాను. ఎవరూ డౌన్‌లోడ్ చేయలేదని రిపాజిటరీ వాళ్లు ఖరారు చేశారు. రేపు పొద్దున్నే ఎథిక్స్ కమిటీకి నేనే రాస్తాను, ఎవరో అడిగేదాకా ఆగను. గైడ్‌కి కూడా చెప్పాను. ఈసారి ఆయన చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఉత్తరం ఇద్దరి పేర్లతో పంపుదాం" అన్నారు.

నా సర్వేకి తలుపు తీసినవాళ్ల మొహాలు గుర్తొస్తున్నాయి. మళ్లీ చేస్తాను, అది తేలిపోయింది. ఇళ్ల చిరునామాలు నా మెషీన్ దాటకుండా ఎలా చేయాలో చెప్పండి.

#11 · కోడ్_గూడు

చెప్తాను, భయపడేంత పని కాదు.

ప్రపంచం మొత్తం డేటాతో నామినాటిమ్ పెట్టాలంటే 128 జీబీ ర్యామ్, ఒక టెరాబైట్ డిస్క్ కావాలంటారు. మీకు అంత అక్కర్లేదు. మీ ప్రాంతం వరకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ముక్క జియోఫాబ్రిక్ సైట్లో ఉచితంగా దొరుకుతుంది. అది దించుకుని డాకర్‌లో (ప్రోగ్రాంలను సిద్ధంగా కట్టిన పెట్టెల్లో నడిపే సాధనం) నామినాటిమ్ పెట్టండి. ల్యాబ్‌లో ఉండే మామూలు డెస్క్‌టాప్ చాలు. మొదటిసారి ఎక్కించడానికి కొన్ని గంటలు పడుతుంది, రాత్రి వదిలేసి వెళ్లండి. ఫోటాన్, పీలియస్ అని వేరే ఓపెన్‌సోర్స్ జియోకోడర్లు కూడా ఉన్నాయి. అక్షర దోషాలు ఎక్కువున్న చిరునామాలకు ఫోటాన్ నాకు బాగా పనిచేసింది.

డేటా ఎక్కాక నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి. నిజంగానే పీకేయమంటున్నాను. నెట్ లేకుండా స్క్రిప్ట్ నడిస్తే చిరునామా బయటికి వెళ్లలేదని మీకూ నమ్మకం, కమిటీకి చూపించడానికీ రుజువు. పైథాన్‌లో జియోపై (జియోకోడర్లను పిలిచే లైబ్రరీ) వాడుతుంటే డొమైన్ (ఏ సర్వర్‌ని అడగాలో చెప్పే సెట్టింగ్) మార్చడం మరిచిపోకండి. మార్చకపోతే అది ఫౌండేషన్ సర్వర్‌కే వెళ్తుంది. కేబుల్ పీకితే ఆ పొరపాటు కూడా వెంటనే బయటపడుతుంది.

ప్రతి వరసకీ ఇవి దాచండి: పంపిన చిరునామా పాఠం, జియోకోడర్ పేరు, వెర్షన్, మ్యాచ్ ఏ స్థాయిలో దొరికింది (ఇల్లు, వీధి, ఊరు), లైసెన్స్ ఫీల్డ్.

#12 · గ్రిడ్_గీత

ఒక హెచ్చరిక. వాణిజ్య సేవ ఏదో ఒక బిందువు ఇచ్చేస్తుంది, నామినాటిమ్ మాత్రం తెలియకపోతే ఖాళీగా వదిలేస్తుంది. చాలా ప్రాంతాల్లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఇంటి నంబర్లు తక్కువ. దొరకనివి వదిలేసి లెక్క కడదాం అనిపిస్తుంది, ఆ పని మాత్రం చేయకండి. దొరకనివి అక్కడక్కడా చెదురుగా ఉండవు. పట్నాల్లో బాగా దొరుకుతాయి, పల్లెల్లో దొరకవు. మీ ప్రశ్నే దూరం గురించి. ఆరోగ్య కేంద్రానికి దూరంగా ఉన్న ఇళ్లే డేటాలోంచి జారిపోతే ఫలితం తలకిందులవుతుంది.

దొరకనివాటికి స్థాయి దించి ఊరి నడిమి బిందువు వాడండి, ఆ సంగతి కాలమ్‌లో రాయండి. తర్వాత ఇల్లు-వీధి స్థాయివాటితో ఒకసారి, అన్నిటితో ఒకసారి లెక్క వేసి రెండూ పేపర్లో చూపించండి.

#13 · సమాంతర_రేఖ

అన్ని వాణిజ్య సేవలూ ఒకటేనా? డబ్బు కడితే దాచుకోనిచ్చేవి లేవా?

#14 · షరతుల_పేజీ

ఉన్నాయి. మ్యాప్‌బాక్స్‌లో తాత్కాలికం, శాశ్వతం అని రెండు రకాల జియోకోడింగ్ ఉంది. శాశ్వతం అని అడిగితేనే దాచుకునే హక్కు. ఆర్క్‌జీఐఎస్ సేవలో ఫర్-స్టోరేజ్ అనే పారామీటర్ ఉంటుంది, దాన్ని ట్రూ అని పెట్టి పంపాలి. ఒక్క పదం తేడాతో అదే బిందువు ఒకరి ఫైల్లో సక్రమం, ఇంకొకరి ఫైల్లో ఉల్లంఘన. ఓపెన్‌కేజ్ తెరిచిన డేటా మీద నడుస్తుంది కాబట్టి ఎంతకాలమైనా దాచుకోనిస్తుంది, అడిగిన పాఠాన్ని తమ లాగ్‌లో రాసుకోవద్దని చెప్పే నో-రికార్డ్ పారామీటర్ కూడా ఉంది. ఊళ్ల పేర్ల స్థాయి చాలనుకుంటే జియోనేమ్స్ మొత్తం డేటా సీసీ బై 4.0 (మూలం పేరు చెప్పి వాడుకునే లైసెన్స్) కింద దించుకోవచ్చు. అమెరికా చిరునామాలకైతే అక్కడి సెన్సస్ బ్యూరో జియోకోడర్ ఉచితం, ఒక్కో ఫైల్‌కి 10,000 చిరునామాలు తీసుకుంటుంది.

దాచుకోవడానికి డబ్బు కట్టినా, పంచుకోవడం మళ్లీ వేరే ప్రశ్న. రిపాజిటరీలో పెడతానని ముందే మెయిల్ రాసి, జవాబు రాతలో తీసుకోండి.

#15 · కొత్త_శిఖామణి

ఒక సందేహం. ప్లేస్ ఐడీ ఎంతకాలమైనా ఉంచుకోవచ్చన్నారు కదా. లాట్-లాంగ్ బదులు అవే రిపాజిటరీలో పెడితే?

#16 · డేటా_భాండారం

కొందరు అడుగుతుంటారు. ఆరోగ్య కేంద్రాల్లాంటి బహిరంగ స్థలాలకైతే ఆలోచించవచ్చు, ఇళ్లకు మాత్రం వద్దు. ఐడీ ఉంటే ఎవరైనా ఆ ఇంటిని తెరిచి చూడగలరు. పైగా ఆ ఐడీలు మారుతుంటాయి. 12 నెలలు దాటితే మళ్లీ సరిచూసుకోమని గూగులే చెప్తుంది. పదేళ్ల తర్వాత మీ ఫలితాన్ని సరిచూసేవాళ్లకు ఆ సేవ, ఆ ఖాతా, ఆ ఐడీ మూడూ బతికుండాలి. నేనైతే దాని మీద ఆధారపడను.

చదువరి గారూ, 840 కేంద్రాలకు జియోకోడింగ్ అసలు అవసరమా? ఆరోగ్య శాఖలు కేంద్రాల జాబితాను అక్షాంశ రేఖాంశాలతో ప్రచురిస్తుంటాయి. తెరిచిన లైసెన్స్‌తో అది దొరికితే ఆ పని అక్కడితో అయిపోతుంది.

#17 · పటం_చదువరి

అందరికీ మళ్లీ నమస్కారం. పదిహేను రోజులైంది. జరిగింది రాస్తాను, ఇదే చిక్కులో పడేవాళ్లకు పనికొస్తుంది.

ఎడిటర్ నెల రోజులు గడువు పెంచారు. ఎథిక్స్ కమిటీ ముందు గైడ్, నేను ఇద్దరం కూర్చున్నాం. అడిగినవన్నీ దాచకుండా చెప్పాం. బయటి సేవకు చిరునామాలు వెళ్లిన సంగతి ప్రాజెక్ట్ రికార్డులో చేర్చారు, పాత లాట్-లాంగ్ ఫైల్ అన్ని కాపీలతో సహా తొలగించి రాతలో ఇవ్వమన్నారు. యూనివర్సిటీ న్యాయ విభాగమూ అదే చెప్పింది. పెన్‌డ్రైవ్, బ్యాకప్, నా పాత ల్యాప్‌టాప్, గైడ్‌కి పంపిన మెయిల్ అటాచ్‌మెంట్, వెతికేకొద్దీ కాపీలు తేలాయి. మొత్తం ఏడు. తీసేశాం.

కేబుల్ పీకి నామినాటిమ్ నడిపాను. మొదటి రాత్రి స్క్రిప్ట్ వెంటనే ఎర్రర్ కొట్టింది. చూస్తే గూడు గారు చెప్పిందే, డొమైన్ మార్చలేదు. కేబుల్ ఉండి ఉంటే చిరునామాలు రెండోసారి బయటికి వెళ్లిపోయేవి. చాలాసేపు ఆ కేబుల్ చేత్తో పట్టుకుని కూర్చున్నాను.

11,300లో ఇల్లు లేదా వీధి స్థాయిలో 7,900 దొరికాయి. ఊరి స్థాయిలో 2,260. అసలు దొరకనివి 1,140. గీత గారు చెప్పినట్టే ఆ 1,140లో ఎక్కువ భాగం పల్లెలవే. సర్వే బృందం కాగితం మీద గీసుకున్న దారి పటాలు మా దగ్గరున్నాయి, వాటితో ఒక్కొక్కటీ చేత్తో పెడుతున్నాను. ఇప్పటికి 700 దాటాయి. ఆరోగ్య కేంద్రాలకు తెరిచిన జాబితా దొరికింది. అందులో లేని 61 కేంద్రాలకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడాను.

ఫలితం గురించి నిజం చెప్పాలి. ప్రధాన ఫలితం నిలిచింది. దూరం పెరిగేకొద్దీ టీకాలు ఆగిపోవడం పెరుగుతోంది, అంకె కొద్దిగా తగ్గింది అంతే. కానీ పేపర్లో ఇంకో ఫలితం ఉండేది, రెండు కిలోమీటర్ల దగ్గర ఒక్కసారిగా మార్పు కనిపిస్తోందని. కొత్త డేటాతో అది లేదు. పాత ఫైల్లో చాలా ఇళ్లకు ఊరి నడిమి బిందువే వచ్చి ఉంటుందని, వాటిని ఇళ్లనుకుని లెక్కేశానని ఇప్పుడు అనుమానం. మ్యాచ్ స్థాయి ఫీల్డ్ ఆనాడు వదిలేయకపోతే తెలిసేది. ఆ పేరా తీసేశాం, ఎడిటర్‌కి కారణం రాశాం.

రిపాజిటరీలో ఇళ్ల లాట్-లాంగ్ పెట్టడం లేదు. దూరాన్ని అర కిలోమీటరు మెట్లుగా చేసి పెడుతున్నాను. రీడ్‌మీలో (డేటాతో పాటు పెట్టే వివరణ ఫైల్) ఈ పేరా రాశాను, చూసి తప్పులుంటే చెప్పండి:

"ఇళ్ల చిరునామాలను సొంత మెషీన్లో నెట్ లేకుండా నామినాటిమ్‌తో జియోకోడ్ చేశాం. బిందువులను ప్రచురించడం లేదు. దూరాలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా ఆధారంగా లెక్కించినవి, © ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్స్, ఓడీబీఎల్ 1.0. ప్రతి వరసకు మ్యాచ్ స్థాయి 'స్థాయి' కాలమ్‌లో ఉంది. చేత్తో పెట్టినవాటికి 'చేయి' అని గుర్తు. ఆరోగ్య కేంద్రాల పట్టిక వేరే ఫైల్, ప్రతి కేంద్రం పక్కన మూలం రాశాం."

#18 · ఎపిడెమియాలజీ_బల్ల

కమిటీ ముందు మీరే వెళ్లి కూర్చున్నారు, అది నాకు చాలా సంతోషం. ఒక్కటి చూసుకోండి. అర కిలోమీటరు మెట్లలో కూడా బాగా దూరంగా ఉన్న మెట్టులో ఒకటో రెండో ఇళ్లే ఉంటే వాటిని గుర్తుపట్టొచ్చు. అలాంటివాటిని "10 కిలోమీటర్ల పైన" అని ఒకే మెట్టుగా కలిపేయండి.

#19 · వీధి_వలంటీర్

రీడ్‌మీ బాగుంది. కేంద్రాల పట్టిక లైసెన్స్ పెట్టెలో సీసీ0 ఎంచుకోకండి, అందులో 61 బిందువులు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌వి. ఆ ఒక్క ఫైల్‌కి ఓడీబీఎల్ పెట్టేస్తే ఏ తలనొప్పీ ఉండదు. ముందు ఆ తెరిచిన జాబితా లైసెన్స్ దానికి ఒప్పుకుంటుందో లేదో ఒకసారి చూడండి. ఇంకా, మీరు దించుకున్న ముక్క ఏ తేదీదో రాయలేదు. మ్యాప్ రోజూ మారుతుంది. తేదీ లేకపోతే మీ 7,900 ఇంకొకరికి 8,300 అవుతుంది.

ఆ 1,140 చిరునామాల ఇళ్లు కాదు గానీ, ఆ పల్లెల వీధుల పేర్లు సర్వే బృందానికి తెలుసు కదా. వీధుల పేర్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేర్చడానికి నేను సాయం చేస్తాను. ఏ వాణిజ్య మ్యాప్ చూసీ కాపీ చేయకుండా, నడిచి తెలుసుకున్నవి మాత్రమే.

#20 · పటం_చదువరి

పై మెట్టు కలిపేశాను, అందులో ఇప్పుడు 38 ఇళ్లున్నాయి. జాబితా లైసెన్స్ చూశాను, మూలం పేరు రాస్తే చాలంటోంది. కేంద్రాల ఫైల్‌కి ఓడీబీఎల్ పెట్టాను. ముక్క తేదీ, నామినాటిమ్ వెర్షన్ రీడ్‌మీ మొదటి వరసలో చేర్చాను.

వీధుల పేర్ల గురించి బృందంలో ముగ్గురిని అడిగాను, ముగ్గురూ వస్తామన్నారు. వలంటీర్ గారూ, ఆదివారం మీకు కుదురుతుందా?

#21 · వీధి_వలంటీర్

కుదురుతుంది. ముందు ఆ దారి పటాలు ఎవరు గీశారో వాళ్లతో మొదలుపెడదాం.